మన పాఠశాల వెబ్‌సైటును చదువువారెవరు? – లెక్క కట్టు రెండు పద్ధతులు

గత విద్యాసంవత్సరము ముగియునప్పుడు జరిగిన కార్యవర్గ సమావేశములో ఒక కాగితము చేతులు మారినది. మన పాఠశాల వెబ్‌సైటును దర్శించినవారి లెక్క దానిపై అచ్చువేయబడి యుండెను. "భాష" అను శీర్షిక క్రింద ఇంగ్లీషు మొదట, దాని తరువాత తమిళము, అట్టడుగున తెలుగు కానవచ్చినవి. సభ్యులలో ఒకరు సద్భావముతోనే, "చదువువారు లేనప్పుడు తెలుగు పుటలు వ్రాయించుటకు, దిద్దించుటకు ఇంత శ్రమయు, ఇంత వ్యయమును ఎందుకు?" అని ప్రశ్నించిరి. ప్రశ్న సమంజసమైనదే. కాని ఆ అంకెలు ఎక్కడ పుట్టినవో, ఎట్లు పుట్టినవో మాలో ఒక్కరికిని తెలియదు. తెలియని లెక్కను నమ్మి తెలుగు పుటలను మూయుటకు నాకు మనసొప్పలేదు. నిర్ణయమును మూడు మాసములు వాయిదా వేయుడని కోరి, ఆ విషయమును తెలిసికొనుటకు పూనుకొంటిని. తెలిసికొన్నంతవరకు తల్లిదండ్రుల ముందుంచుచున్నాను.

లెక్క యనిన అల్పసంఖ్యాక భాషలవారికి కొంత గుండె దడ కలుగుట సహజము. ఒక తరగతిలో 10 మంది గాని, పాఠశాల మొత్తముమీద 40 మంది గాని ఆ భాషను మాతృభాషగా గల పిల్లలున్నచో, వారికి ఆ భాషలో ప్రాథమిక విద్య చెప్పుటకు ఉపాధ్యాయుని నియమింపవలెనని 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము తీర్మానించినది. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమునకు చేరిన 350-ఏ అధికరణము ఆ ఆశయమునకే బలము చేకూర్చినది. పదవ పిల్లవాని పేరు రిజిస్టరులో ఎక్కనిచో ఆ తరగతిని చూపి ఉపాధ్యాయుని కోరుటకు వీలులేదు. హోసూరు ప్రాంతము మొదట సేలము జిల్లాలో నుండి, 1965లో ధర్మపురి జిల్లాకును, 2004లో కృష్ణగిరి జిల్లాకును చేరినది. జిల్లాల పేర్లు మారినను మన యిండ్లలోని మాట మారలేదు. ఇంట తెలుగు, అంగడిలో కన్నడము, సిప్‌కాట్ కర్మాగారములో తమిళము మాటలాడు మనుష్యుడు మూకండపల్లిలో వింతకాడు. "ఏ భాష వచ్చును?" అని అడిగినచో అతడు మూడు పేర్లు చెప్పును, "మాతృభాష యేది?" అని అడిగినచో ఒక్కటే చెప్పును. అడిగిన ప్రశ్ననుబట్టియే వచ్చిన అంకె యుండును. వెబ్‌సైటు లెక్కలోను ఇదే చిక్కు గలదని నాకు తరువాత తెలిసినది.

నాకు ఈ పాఠము చెప్పినది మన పాఠశాల పూర్వవిద్యార్థినియే. ఆమె ఇప్పుడు బెంగుళూరులో కంప్యూటరు ఉద్యోగము చేయుచున్నది. నాకు తెలుగు వ్యాకరణము తప్ప వేరు విద్య రాదని యెరిగి, ఓపికతో మొదటినుండి చెప్పినది.

వెబ్‌సైటు అనగా ఎక్కడనో ఒక కంప్యూటరులో భద్రపరచిన పుటల కట్ట. ఆ కంప్యూటరును సర్వరు అందురు. మీరు ఫోనులో మన పాఠశాల పేరు నొక్కినప్పుడు, "ఈ పుటను పంపుము" అని సర్వరునకు ఒక కోరిక పోవును. సర్వరు ఆ పుటను పంపును. గ్రంథాలయములో పుస్తకమిచ్చు గుమస్తా రిజిస్టరులో తేదీయు, వేళయు, పుస్తకము పేరును వ్రాసికొనునట్లు, సర్వరు కూడ పంపిన ప్రతిదానికి ఒక పంక్తి వ్రాసికొనును. ఆ రిజిస్టరును చదివి, కూడిక వేసి, నెలవారీ పట్టికగా చూపు ఏడబ్ల్యుస్టాట్స్ వంటి సాధనములను సర్వరు అద్దెకిచ్చు సంస్థలు చాలవరకు తామే అమర్చి యిచ్చును. వర్డ్‌ప్రెస్ డాట్ కామ్, విక్స్ వంటి చోట్ల వెబ్‌సైటు కట్టుకొన్నవారికి లెక్క చూపు పుట ఆ యింటితోపాటే లభించును. ఈ రెండింటిని అంతర్గత గణనము అని పిలుచుకొందము. మనము వేరుగా కొనవలసినదిగాని, అతికింపవలసినదిగాని ఇందులో లేదు.

రెండవ మార్గము వేరు. పుస్తకములోనే ఒక చీటీ అంటించినారనుకొనుడు. పాఠకుడు పుట తెరచిన తక్షణము ఆ చీటీ మేల్కొని, దూరదేశమందున్న ఒక కార్యాలయమునకు, "ఇన్నింటికి, ఇట్టి ఫోనులో, ఈ ఊరినుండి, ఈ పుటను ఒకరు తెరచినారు" అని జాబు వ్రాయును. ఈ చీటీనే ట్యాగు అందురు. అది పని చేయునది మన సర్వరులో కాదు. చదువరి చేతిలోని ఫోనులో. గూగుల్ సంస్థ 2005లో అర్చిన్ అను సంస్థను కొని, ఆ సంవత్సరము నవంబరులో గూగుల్ అనలిటిక్స్ పేర ఇట్టి లెక్కను ఉచితముగా నిచ్చుట ప్రారంభించినది. ఉచితము గనుక లోకమంతయు అంటించుకొన్నది. తరువాత ప్రకటనల సంస్థలు, ఫేస్‌బుక్ వంటి సంఘములు తమ తమ చీటీలను తెచ్చినవి. ఒక్కొక్క పుటకు నాలుగైదు చీటీలు చేరినవి. ఒక చీటీ మార్చవలెనన్న వెబ్‌సైటు కట్టినవానిని ప్రతిసారి పిలువవలసి వచ్చెను.

ఈ తొందర తీర్చుటకే ట్యాగు మేనేజరు పుట్టినది. గూగుల్ వారిది 2012 అక్టోబరులో వెలువడినది. దీని కిటుకు సులభమైనది: పుటలకు చీటీలంటించుటకు బదులు ఒక ఖాళీ సంచిని ఒకేసారి తగిలింతురు. దానిని కంటైనరు అందురు. ఆపైన ఏ చీటీ కావలెనన్నను, వెబ్‌సైటును ముట్టకయే, వేరొక చోట కూర్చుండి ఆ సంచిలో వేయవచ్చును, తీయవచ్చును. "దరఖాస్తు బొత్తాము నొక్కినప్పుడు మాత్రమే ఈ చీటీ మేల్కొనవలెను" అని షరతు పెట్టవచ్చును. ప్రచురించుటకు ముందు పరీక్షించి చూడవచ్చును. తప్పు జరిగినచో నిన్నటి ప్రతికి మరలవచ్చును.

ఇచ్చట ఒక భ్రమను తొలగింపవలెను. ట్యాగు మేనేజరు తనంతట ఏమియు లెక్క పెట్టదు. అది సంచి మాత్రమే. లెక్క పెట్టునది దానిలోని చీటీ. మా కార్యవర్గమున ఇద్దరు ముగ్గురు, "మనకు ట్యాగు మేనేజరు ఉన్నదిగదా, లెక్క సరిగనే యుండును" అనిరి. అంగడి సంచి మంచిదైనంతమాత్రమున అందులోని బియ్యము మంచివి కావలెనని లేదు.

ఇక మన కాగితము మాట. మా పూర్వవిద్యార్థిని ఆ కాగితమును చూచి నవ్వినది. "భాష" అను శీర్షిక క్రింద ఉన్నది చదివిన పుట యొక్క భాష కాదట. చదువరి ఫోనులో అమర్చుకొన్న భాష యట! మనలో ఫోనును కొన్ననాడు ఎట్లున్నదో అట్లే ఇంగ్లీషులో వాడువారే ఎక్కువ. అట్టి ఫోనులో తెలుగు పుటను ఆద్యంతము చదివినను ఆ పట్టికలో ఇంగ్లీషు క్రిందనే చేరును. ఈ మాటను నేనొక తండ్రితో చెప్పగా, "అదేమి అయ్యవారూ, నా ఫోను ఇంగిలీషులో ఉంటే నేను తెలుగువాణ్ణి కాకపోతానా?" అని ఆయన అడిగెను. ఇంతకంటె బాగుగా నేను చెప్పలేను.

రెండవ లోపము మరింత పెద్దది. మన తెలుగు ప్రకటనలలో ఎక్కువ భాగము, అనగా రుసుముల పట్టిక, పరీక్షల కాలపట్టిక, ఉత్సవముల ఆహ్వానము, పీడీఎఫ్ రూపమున నుండును. తల్లిదండ్రుల వాట్సాప్ బృందములలో వాని లింకులనే పంపుదుము. లింకు నొక్కినవారు వెబ్‌సైటు పుటను చూడకయే నేరుగా ఆ పత్రమును తెరతురు. ట్యాగు అను చీటీ వెబ్ పుటలో మాత్రమే పనిచేయును. పీడీఎఫ్‌లో దానికి చోటు లేదు. కావున అట్లు నేరుగా తెరచినవారిలో ఒక్కరును ఆ లెక్కలోనికి రాలేదు. వెబ్ పుటనుండి నొక్కి దింపుకొన్న పత్రములను మాత్రము నేటి గూగుల్ అనలిటిక్స్ తానే పట్టుకొనును. దీనికి పూర్వము ట్యాగు మేనేజరు ఆవశ్యకమయ్యెడిది; ఇప్పుడు చిన్న సంస్థలకు ఆ యవసరము చాలవరకు తీరిపోయినది. కాని వాట్సాప్ నుండి నేరుగా వచ్చినవారి జాడ సర్వరు రిజిస్టరులో తప్ప మరెక్కడను లేదు. మనము ఎన్నడును విప్పి చూడని ఆ రిజిస్టరును విప్పినప్పుడు, తెలుగు ప్రకటనలను తెరచినవారి పంక్తులు అచ్చట వరుసగా నుండెను. సాయంకాలము, కర్మాగారపు పాళీ మారువేళ తరువాత అవి దట్టముగా కనబడినవి. కొన్ని నిమిషములవరకు నాకు మాట రాలేదని చెప్పుటకు సిగ్గుపడను.

మూడవది ఇంగ్లీషు పుటల విషయము. వెబ్‌సైటు కట్టి యిచ్చినవారు మొదట పాత పుటలకు చీటీని నేరుగా అంటించి, అటుపిమ్మట సంచిని తగిలించి అదే చీటీని సంచిలో కూడ వేసిరి. తొలగింపవలసిన పాతదానిని తొలగింపలేదు. దీనివలన పాత ఇంగ్లీషు పుటను ఒకరు ఒక్కసారి తెరచినచో రెండు జాబులు పోవుచుండెను. తెలుగు పుటలు తరువాత చేర్చినవగుటచే వానికి ఒక్క చీటీయే. ఇంగ్లీషును రెండింతలు చేసి, తెలుగును సగము మరచిన త్రాసులో తూచి, మనము తీర్పు చెప్పబోతిమి. ఇందులో దురుద్దేశ మెవరికిని లేదు. పర్యవేక్షణ లేకపోవుటయే కారణము.

ఇట్లనుటచేత సర్వరు రిజిస్టరు సత్యహరిశ్చంద్రుడని భావింపరాదు. వెదకుయంత్రములు తమ యంత్రభటులను రాత్రింబగళ్లు పంపుచుండును. వారును అందులో దర్శకులుగనే ఎక్కుదురు. వారిని వడకట్టు ఉపాయములున్నను, కొందరు జారిపోవుదురు. ఒకే ఫోను కంపెనీ వాడుకరులు అనేకులు బయటికి ఒకే చిరునామాతో కనబడుట కద్దు. అప్పుడు పదిమంది ఒక్కరివలె తోతురు. తండ్రి ఫోనులో తల్లియు, బిడ్డయు చదివినచో ఏ పద్ధతియు వారిని ముగ్గురని చెప్పజాలదు. ట్యాగు పద్ధతిలోనేమో, ప్రకటనలను అడ్డగించు బ్రౌజరులు చీటీలను మేల్కొననీయవు. అట్టివారు అసలే లెక్కకు రారు. కావున మనుష్యుల సంఖ్య యిదియని ఏ పట్టిక చెప్పినను అది అంచనాయే. పోయిన నెలకంటె ఈ నెల హెచ్చినదా తగ్గినదా, ఏ పత్రమును ఎక్కువగా తెరచినారు అను రెండు ప్రశ్నలకు మాత్రము రిజిస్టరు నమ్మదగిన జవాబు నిచ్చును. మన పాఠశాలకు అంతకుమించిన ప్రశ్న యేమున్నది?

పెద్ద వ్యాపారసంస్థల సంగతి వేరు. పది ప్రకటనల సంస్థలతో లావాదేవీ గలవారు, అమ్మకపు మెట్లలో కొనుగోలుదారు ఏ మెట్టువద్ద వెనుదిరిగెనో తెలిసికొనగోరువారు, చదువరి సమ్మతి నిచ్చినపిమ్మటనే చీటీలు మేల్కొనునట్లు ఒకే చోటినుండి ఏర్పాటు చేయవలసినవారు ట్యాగు మేనేజరు లేనిదే పని జరుపలేరు. దానిని నిత్యము కనిపెట్టియుండు ఉద్యోగి వారికి గలడు. మనకు లేడు. సంచిని కాచువాడు లేనిచోట, ఆ సంచిలో ఎవరేమి వేసినను మనకు తెలియదు. తాళపుచెవి గలవాడు ఒక్క బొత్తాముతో మన పుటలన్నింటిలో ఏ చీటీనైనను మేల్కొల్పగలడు, వెబ్‌సైటును తాకనక్కరలేదు. ఇట్టి కంటైనరులను దొంగచాటుగా వాడి, అంగడి వెబ్‌సైటులలో కొనుగోలుదారుల కార్డు సంఖ్యలను కాజేసిన ఉదాహరణములను భద్రతా పరిశోధకులు వెల్లడించియున్నారు.

పిల్లల మాట వచ్చినప్పుడు ఈ సంగతి మరింత బరువెక్కును. కోవిడ్ కాలమున 49 దేశముల ప్రభుత్వములు సిఫారసు చేసిన విద్యా యాపులను, వెబ్‌సైటులను హ్యూమన్ రైట్స్ వాచ్ అను అంతర్జాతీయ సంస్థ పరీక్షించి, 2022 మే నెలలో నివేదిక ప్రకటించినది. వానిలో పదింట దాదాపు తొమ్మిది పిల్లల హక్కులకు హాని కలిగించు, లేక హానికి తావిచ్చు రీతిలో సమాచారమును వాడుచున్నవని తేల్చినది. పాఠము చదువుకొనుటకు వచ్చిన బిడ్డ జాడలు ప్రకటనల వ్యాపారుల చేతికి పోవుచుండెనన్నమాట. మన దేశములో 2023 ఆగస్టున ఆమోదము పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా సంరక్షణ చట్టము 18 సంవత్సరములు నిండనివారిని బాలలుగా పరిగణించి, వారి సమాచారమును వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెననియు, వారి జాడలు పట్టుట, ప్రవర్తనను కనిపెట్టుట, వారిని గురిపెట్టి ప్రకటనలు చూపుట కూడదనియు విధించినది. దాని నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ముఖ్యమైన బాధ్యతలను అమలుపరచుటకు 18 మాసముల గడువు ఇచ్చినవి. బోధనకును, పిల్లల భద్రతకును అవసరమైనంతవరకు విద్యాసంస్థలకు మినహాయింపు కలదు. ప్రకటనల సంస్థ చీటీని హాజరు పుటలో ఉంచుటకు అది సాకు కాజాలదు.

మరియొక సంగతిని కూడ గమనింపవలెను. ఉచితముగా లభించు లెక్క ఇతరుల యింటిలో నుండును. గూగుల్ వారి పాత అనలిటిక్స్ 2023 జులై 1 నుండి సామాన్య వాడుకరులకు క్రొత్త లెక్కలను చేర్చుకొనుట మానినది. మరుసటి సంవత్సరము జులై తరువాత పాత లెక్కలను చూచుటకును వీలులేకపోయినది. ముందుగా దింపి దాచుకొననివారి సంవత్సరముల లెక్క అట్లే పోయినది. ఇప్పటి క్రొత్త పద్ధతిలో ఒక్కొక్క చర్యను గూర్చిన వివరము, మనము మార్చనిచో రెండు మాసములే నిలుచును. మార్చినను ఉచిత వాడుకరులకు 14 మాసములే. సర్వరు సంస్థలలో అనేకము మూల రిజిస్టరును కొద్దికాలమే ఉంచును. ఏ పద్ధతియైనను, నెలకొకసారి నాలుగు అంకెలను మన హాజరు పుస్తకము వంటి పుస్తకములో సిరాతో వ్రాసికొనుటయే నాకు మేలుగా తోచుచున్నది. నవ్వెడివారు నవ్వుదురుగాక.

ఈ సంగతులన్నియు విన్నపిమ్మట కార్యవర్గము చేసిన ఏర్పాటు ఇది. తెలుగు పుటలును, తెలుగు పత్రములును ఇకమీదట సర్వరులో "తెలుగు" అను ఒకే అర క్రింద నుండును. కావున ఫోను భాషతో నిమిత్తము లేకుండ, ఆ అరనుండి ఏమేమి ఎన్నిసార్లు తెరచినారో అంతర్గత గణనమే చెప్పగలదు. పిల్లలు పేరు, పాస్‌వర్డు ఇచ్చి ప్రవేశించు పుటలలోను, రుసుము చెల్లించు పుటలోను బయటివారి చీటీ ఏదియు ఉండరాదు. ట్యాగు మేనేజరు సంచిని తొలగింపవలెను. మున్ముందు పూర్వవిద్యార్థుల విరాళముల కొరకు పెద్ద ఏర్పాటు చేయవలసి వచ్చినచో దానిని మరల తెచ్చుకొనవచ్చును. అప్పుడు దాని తాళపుచెవి సంఘము పేర నుండవలెను, ఇద్దరు కార్యవర్గ సభ్యులవద్ద నుండవలెను, మార్చిన ప్రతి మార్పునకు తేదీయు కారణమును వ్రాయబడవలెను. చీటీలు తగ్గుటచే పుటలు తేలికయై, తక్కువ వెలగల ఫోనులలో మునుపటికంటె త్వరగా తెరచుకొనును. ఇది కోరకయే వచ్చిన లాభము.

తెలుగు పుటలను మూయవలెనను ప్రస్తావన ఇప్పటికి ఆగినది. పూర్తిగా తొలగిపోలేదని గూడ చెప్పుట నా విధి. ఒక సంవత్సరపు లెక్క చూచిన పిమ్మట మరల ఆలోచింతుమని తీర్మానములో నున్నది. ఆ లెక్కను ప్రతి త్రైమాసిక తల్లిదండ్రుల సమావేశములో బల్లమీద ఉంచెదము. ఎవరైనను చూడవచ్చును, ప్రశ్నింపవచ్చును. మీకు ఒక్కటే మనవి: పిల్లవాడు తెలుగు ప్రకటనను ఛాయాచిత్రముగా తీసి పంపినచో అది ఏ రిజిస్టరులోను ఎక్కదు. లింకును నొక్కి చదువుడు, లింకునే ఇతరులకు పంపుడు.

సంచిని తొలగించుటలో ఒక చిక్కు మిగిలియున్నది. ఆ కంటైనరు మన సంఘము పేర లేదు. వెబ్‌సైటును కట్టి యిచ్చినవారి సొంత ఈమెయిలు పేర నున్నది. పుటలనుండి సంచిని విప్పుట మన చేతిలోని పనియే గనుక అది ఈ వేసవి సెలవులలో జరుగును. పాత సంవత్సరముల లెక్కలను మనకు అప్పగింపుడని వారికి రెండు జాబులు వ్రాసితిమి. రెండవదానికి ప్రత్యుత్తరము రావలసియున్నది.